నెలాఖరులోగా

లిఫ్టులో పక్క ఫ్లాటాయన మళ్ళీ అదే ప్రశ్న వేశాడు.

"ఇంటర్నెట్ పెట్టించుకున్నారా?"

"చూస్తున్నామండీ," అన్నాడు అకౌంటెంటు.

"ఏదో ఒకటి తీసుకోండి. కానీ నెలాఖరులోగా పెట్టించుకోండి."

నెలాఖరు అన్న మాట చెవిన పడగానే అకౌంటెంటుకు అంతా అర్థమైపోయింది. టార్గెట్లు ముంచుకొచ్చేది అప్పుడే. ఈ మనిషి ఏదో కంపెనీకి ఏజెంటు. తమ ఇంటి మీద కమీషన్ కొట్టాలని చూస్తున్నాడు.

ఆ సాయంత్రమే ఇంట్లో ఆయనకు 'కమీషన్ గారు' అని పేరు పెట్టేశాడు.

అకౌంటెంటు దువ్వెన కొనాలన్నా నలుగురినీ అడిగే రకం. ఈ ఊరికి బదిలీ అయి వచ్చింది మొదలు ఇంటర్నెట్ కంపెనీలను వడపోస్తూనే ఉన్నాడు. ఒకదానికి వేగం ఎక్కువట, వానొస్తే పోతుందట. ఇంకోదానికి వాన భయం లేదట, ఫోన్ చేస్తే పలికే నాథుడు లేడట.

అతనికి తొందరా లేదు. సామాను దింపిన మర్నాటి నుంచే ఫోన్లలో పాస్‌వర్డ్ అడగని వైఫై ఒకటి తగిలింది. బిల్డింగ్ వాళ్ళు అందరికీ పెట్టించి ఉంటారనుకుని అతనూ, భార్యా, తల్లీ హాయిగా వాడేసుకుంటున్నారు.

కంగారంతా భార్యది. అతని బదిలీ కోసం ఉద్యోగం వదులుకుని వచ్చిన లెక్కల టీచరు ఆమె. ఇంట్లోంచే పాఠాలు చెప్పే ఉద్యోగానికి నమూనా క్లాసు ఇవ్వాలి. ఇంతకుముందు ఒకసారి, ఈ ఊరికి బయల్దేరే హడావుడిలో ఫోన్ డేటాతో ఇస్తే, భిన్నాలు చెబుతుండగా తెర మీద ఆమె బొమ్మ నోరు తెరుచుకుని బిగుసుకుపోయింది. ఉద్యోగం చేజారింది. ఇది కూడా పోతే ఇక తట్టుకోలేనని భర్తతో చెప్పేసింది.

"బిల్డింగ్ నెట్ బ్రహ్మాండంగా ఉంది, భయపడకు," అన్నాడతను.

క్లాసు రోజు రానే వచ్చింది. అత్తగారు మిక్సీ కూడా వెయ్యకుండా వంటింట్లో ఊపిరి బిగబట్టి కూర్చుంది. అకౌంటెంటు ఉండలేక కిందికి దిగాడు.

కమీషన్ గారు కింది మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తి కుస్తీ పడుతున్నాడు. ఇవాళ మెట్ల మీదే దుకాణం తెరిచాడన్నమాట.

"అమ్మాయి క్లాసు సాగుతోందా?"

అమ్మ ఈ సంగతి కూడా అందరికీ చాటినట్టుంది.

"సాగుతోందండీ. కంపెనీ సంగతి మాత్రం ఇంకా తేల్చుకోలేదు," అని అకౌంటెంటు ముందరికాళ్ళకు బంధం వేశాడు.

ఆయన నవ్వి మళ్ళీ ఫోన్ పైకెత్తాడు.

పై ఇంట్లో క్లాసు ఎక్కడా ఆగకుండా సాగింది. ఉద్యోగం వచ్చింది. అత్తాకోడళ్ళు ఒకరినొకరు పట్టుకుని చిన్నపిల్లల్లా గెంతారు. కేకు తెప్పించారు.

పాపం కమీషన్ గారికీ ఓ ముక్క ఇచ్చి రమ్మంది తల్లి.

"అలుసిస్తే రేపు ఏకంగా వైరు పట్టుకునే వస్తాడమ్మా," అంటూ ఆ ముక్క కూడా అకౌంటెంటే తినేశాడు.

నెల మారిన రోజు ఉదయం ఫోన్లలో వైఫై మాయమైంది. అకౌంటెంటు విసురుగా వాచ్‌మన్ దగ్గరికి వెళ్ళి, బిల్డింగ్ ఇంటర్నెట్ పోతే ఎవరికి చెప్పాలని నిలదీశాడు.

వాచ్‌మన్ తెల్లబోయాడు.

"బిల్డింగ్‌కి ఇంటర్నెట్ ఎక్కడిది సార్? అది మీ పక్కాయనది. మీరు దిగిన రోజు మీ అమ్మగారు ఆయనకి క్లాసు సంగతి చెప్పారు కదా, ఆ రాత్రికే పాస్‌వర్డ్ తీసేశారు. తెలిస్తే మొహమాటపడి వాడటం మానేస్తారని నన్ను నోరెత్తనివ్వలేదు. నిన్ననే ఖాళీ చేసి వెళ్ళిపోయారు."

పైకొచ్చి తాళం వేసిన ఆ తలుపు చూడగానే, క్లాసు రోజు నెట్టంతా తమకే వదిలి ఆయన మెట్ల మీద ఫోన్‌తో కుస్తీ పడ్డాడని అకౌంటెంటుకు వెలిగింది. సిగ్గేసింది. కేకు ముక్క గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది.

ఆ పూటే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎవరినీ అడక్కుండా ఒక కంపెనీకి ఫోన్ చేశాడు. పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారని మెకానిక్ అడిగితే, ప్రస్తుతానికి వద్దన్నాడు. భార్య అతని వంక చూసి నవ్వింది.

కొన్నాళ్ళకు పక్క ఫ్లాటులో కొత్త జంట దిగింది. లిఫ్టులో ఎదురుపడగానే అకౌంటెంటుకు నోరు ఆగలేదు.

"ఇంటర్నెట్ పెట్టించుకున్నారా?"

ఆ భర్త భార్య వైపు ఓరగా చూసి, "చూస్తున్నామండీ," అన్నాడు.

ఈపాటికి ఆ ఇంట్లో తనకూ 'కమీషన్ గారు' అన్న పేరు పడే ఉంటుందనుకుంటే, అకౌంటెంటుకు ఎంతో గర్వంగా అనిపించింది.