ఊరు కట్టిన మూడోరోజు

ఊరు కట్టి ఆ రోజుకి మూడోరోజు.

కట్టడమంటే మరేం లేదు. ఊరి చుట్టూ వెదుళ్ళు పాతి ముళ్ళకంప వేస్తారు. నాలుగు మూలలా నిమ్మకాయలు కడతారు. మూడు రోజులు లోపలివాళ్ళు బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. తాలింపు వెయ్యకూడదు. నూనె కాగిన వాసనకి చచ్చినవాళ్ళు వస్తారట.

మూడు రోజులు చప్పిడి పప్పు తిన్న ఊరు, చచ్చినవాళ్ళకంటే బతికున్నవాళ్ళ మీదే ఎక్కువ విసుక్కుంటోంది.

ఇదంతా వెంకీని ఆపడానికి.

వెంకీ అసిరమ్మకి ఒక్కడే కొడుకు. ఏడాది కిందట గరివిడి దగ్గర లారీ గుద్దింది. ఇరవై మూడేళ్ళు.

ఆ తర్వాత ఊళ్ళో రెండు ఆవులు పోయాయి. జీడితోటల్లో పూత మాడింది. ఎనభై ఆరేళ్ళ జగన్నాధం తాత పోతే అదీ వెంకీ లెక్కలోనే రాశారు.

"కాలం తీరకండా పోయినోడు. అడివిలోంచి దిగీసి ఇల్లెతుక్కుంతన్నాడు" అని తేల్చాడు ఊరి పెద్ద జోగయ్య.

అసిరమ్మ తల వంచుకుని వింది. దెయ్యమయితేనేం, ఒక్కసారి కనబడితే చాలని ఏడాదిగా ఆమె కోరిక. ఊరికి చెప్పుకునే కోరిక కాదది.

మిట్టమధ్యాహ్నం. కొండ కనబడనంత ముసురు. కంప అవతల నుంచి ఎవరో పిలిచారు.

"అమ్మా! అసిరమ్మమ్మా!"

ముద్ద ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఆగిపోయాయి.

ముందు తొంగి చూసింది పక్కింటి బుల్లమ్మ. భయం ఎక్కువ కనక ఎప్పుడూ ఆమే ముందుంటుంది.

"ఓలమ్మో! మగోడు!"

"కాళ్ళు సూడవే, కాళ్ళు!" వెనక నుంచి అరిచాడు జోగయ్య.

"ముందుకే ఉన్నాయి మావా. సెప్పులు కూడా ఏసుకున్నాడు."

దెయ్యాలు చెప్పులేసుకోవని ఎక్కడా లేదన్నాడు జోగయ్య.

అసిరమ్మ పరుగెత్తుకొచ్చింది. వెంకీ కాదు. ముప్పై ఏళ్ళ మనిషి, సన్నంగా, వానలో నిలువునా తడిసి. చేతిలో గుడ్డసంచి. ఆమెని చూడగానే నవ్వాడు. ఎన్నాళ్ళ నుంచో ఎరిగినవాడిలా.

"ఎవులు బాబూ నువ్వు?"

"మాటాడకే!" జోగయ్య కసిరాడు. "పలికితే మరి ఒదల్దు."

"మాది కంచిలి పక్కనమ్మా. రెండు బస్సులు మారి వచ్చినాను. సెంబుడు నీళ్ళిస్తారా? మీ సేతి నీళ్ళు తాగీసి ఎలిపోతాను."

అసిరమ్మ ఇంటివైపు తిరిగింది. జోగయ్య కర్ర అడ్డం పెట్టాడు.

"కన్నతల్లి సేతి నీళ్ళు తాగిందంటే మరి ఊరొదల్దు. పొమ్మని సెప్పు. నీ నోటితోనే సెప్పాలి. మూడుసార్లు."

"ఆడు నా కొడుకు కాడు మావా. మొకం యేరు."

"మొకాలు మార్సుకునే వస్తాయే అవి. నువ్వు సెప్పకపోతే రేపు ఇంకొకరు పోతారు. అది ఎవులో నీకు తెలుసునేటి?"

బుల్లమ్మ కడుపుతో ఉన్న కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. అసిరమ్మ కళ్ళలోకి చూసిందంతే.

అసిరమ్మ మొగుడివైపు చూసింది. అప్పలసూరికి దేవుడు నోరిచ్చాడు. ఆ పూట దాంతో చుట్ట మాత్రం కాల్చాడు.

అసిరమ్మ కంప దగ్గరికి నడిచింది.

"ఇక్కడ నీకెవులూ నేరు. నీ దారిన నువ్వు పో."

అతను నవ్వుతూనే ఉన్నాడు.

"ఇక్కడ నీకెవులూ నేరు..."

నవ్వు ఆగింది.

మూడోసారి పెదవులు మాత్రమే కదిలాయి. అతనికి అది చాలింది.

ఒక్క క్షణం అప్పలసూరిని చూశాడు. అప్పలసూరి చుట్ట నుసి చూసుకున్నాడు. అతను చేతులు జోడించి దణ్ణం పెట్టి, సంచి కంపకి తగిలించాడు. వెదురాకుల చివర కారుతున్న వాననీళ్ళు దోసిట పట్టి తాగి, వచ్చిన దారినే దిగిపోయాడు.

జోగయ్య సంచిని కర్రతో కంప అవతల పారే గెడ్డలోకి తోశాడు. నీళ్ళలో పడ్డాక తెరుచుకుంది. ఒక చీర, పసుపు కొమ్ములు, అరటిపళ్ళు.

నాలుగింటికి కొండ మలుపులో బస్సు హారన్ వినిపించింది. ఆ దారిలో చివరి బస్సు అదే.

సాయంత్రం కంప తీసేశారు. ముప్పై గడపల్లోనూ ఒక్కసారే ఆవాలు చిటపటలాడాయి. ఊరంతా దగ్గింది.

అసిరమ్మ మాత్రం పొయ్యి వెలిగించలేదు. మొగుడు ఫోన్ పట్టుకుని సిగ్నల్ దొరికే గుట్టవైపు పోతుంటే వెనకే వెళ్ళింది. అతను నొక్కుతున్నాడు, చెవిదగ్గర పెట్టుకుంటున్నాడు, మళ్ళీ నొక్కుతున్నాడు.

"ఎవులికి?"

"మజ్జానం వొచ్చినోడికి. ఎత్తుతన్నాడు కాడు."

"నీకు ఎరికేటి ఆడు?"

"నానే రమ్మన్నాను." అప్పలసూరి రాయి మీద కూలబడ్డాడు. "ఊల్లో ఎవులికీ ఏటీ సెప్పొద్దన్నాను. నీకు సూపిద్దుననుకున్నాను. ఈలోగా ఊరు కట్టీసినారు. వొద్దని సెప్పడానికి గుట్టెక్కనివ్వనేదు."

"మరి అక్కడ నోరిప్పనేదేటి?"

"ఎలాగ ఇప్పుతానే? శవాన్ని నిండుగా కాల్సనేదని తెలిస్తే, అందుకే ఎంకిగాడు తిరుగుతన్నాడని నన్ను తంతారు. ఆసుపత్రిలో డాట్రుబాబు అడిగితే ఊఁ అన్నాను. కాయితం మీద సంతకం ఎట్టినాను. నీకు కూడా సెప్పనేదు."

"ఏటి కాయితం?"

గుట్ట కింద అడవి చీకటి పడుతోంది. ఫోన్ అవతల మోగుతూనే ఉంది.

"మనోడి కిడ్నీ ఆడి ఒంట్లో బతికే ఉన్నాదే, అసిరమ్మా."