పుట్టింటి చెవుడు

"పుట్టుచెవుడండి. ఇది అమ్మలోనూ నాన్నలోనూ దాగుండి, రెండువైపులా కలిస్తేనే బిడ్డలో బయటపడుతుంది," అన్నారు అమలాపురం డాక్టరుగారు.

రాజోలు బస్సెక్కిన దగ్గర్నుంచీ సీతారత్నం కోడల్ని సాధిస్తూనే ఉంది. "మావైపు ఎవరికీ లేదు. ఇది నీ పుట్టింటి నుంచి తెచ్చిందే."

హారను అంతలా మోగుతున్నా సత్యదుర్గ ఒళ్ళో పిల్లాడు కదల్లేదు. ఆమెకి ఏడవడానిక్కూడా ఓపిక లేదు.

"అన్న కూతురని నువ్వే కదా అత్తా, పట్టుబట్టి మేనరికం చేసుకున్నావు? నా పుట్టిల్లు నీ పుట్టిల్లు కాదా?"

మామిడికుదురు దాటేక, సీతారత్నం పిల్లాడి చెవి నిమురుతూ గొణిగింది.

"మీ నాన్నకీ నాకూ ఓ తమ్ముడుండేవాడే. చిన్నప్పుడే పోయేడు. సంబంధాలు చెడతాయని ఇంట్లో వాడి ఊసే ఎత్తనిచ్చేవారు కాదు. ఎంత పిలిచినా తిరిగి చూసేవాడు కాదు."