రెండో కప్పు టీ

ఈసారి పార్టీ చెడకూడదని కండక్టరు పంతం పట్టాడు.

పోయినసారి కుర్చీలు చాల్లేదు. టీ మరిగేలోపే వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయారు. గిన్నెడు టీ ఒక్కడే తాగలేక పారబోశాడు.

ఉద్యోగమంతా కిక్కిరిసిన బస్సుల్లో "జరగండి, జరగండి" అని అరిచిన మనిషి. రిటైరయ్యాడు. భార్య పోయింది. ఇప్పుడు చెంచా కింద పడ్డా ఎవరో వచ్చారేమోనని గుమ్మం వైపు చూస్తున్నాడు.

అందుకే ఫోన్ చేసిన ప్రతివాళ్ళకీ ఆదివారం సాయంత్రమే, ఒకే టైము చెప్పాడు. కుర్చీలు ఎదురెదురుగా వేశాడు. ఫ్లాస్కు నిండా టీ పోశాడు. ప్లేట్లలో బిస్కెట్లు, జీడిపప్పు సర్దాడు. గోడ మీద భార్య ఫొటో తుడుస్తూ, "జనం వస్తున్నారే!" అన్నాడు.

నిజంగానే వచ్చారు. ముందు ఓ కొత్త జంట, వెనకే మనవరాలితో ఓ పెద్దావిడ.

"హాలు భలే ఉంది బాబాయిగారూ! వంటిల్లు చూడొచ్చా?" అంది కొత్త పెళ్ళికూతురు.

"అడగాలా అమ్మా? నీ ఇల్లే అనుకో."

పెద్దావిడ చనువుగా గదులన్నీ తిరిగొచ్చి కుర్చీలో కూలబడింది. మనవరాలు మాత్రం ఆగితే ఒట్టు.

"కొంపలంటుకున్నట్టు ఏంటే ఆ పరుగు!" అని ఆవిడ కేకేసింది. ఆ ఇంట్లో కేక వినపడి ఎన్నాళ్ళయిందో! కండక్టరుకి ప్రాణం లేచొచ్చింది.

మొదట ఒకళ్ళనొకళ్ళు కొరకొరా చూసుకున్నా, టీ కడుపులో పడ్డాక మాటలు కలిశాయి. పెద్దావిడ కీళ్ళనొప్పుల పురాణం విప్పింది. పెళ్ళికొడుకు తన ఆఫీసరు నడక నడిచి చూపించాడు. కండక్టరు బస్సులో మేక ఎక్కిన కథ ఎత్తుకున్నాడు.

"మేకకీ టికెట్టు కొట్టారా?"

"కొట్టకేం? చెకింగు వాళ్ళొచ్చేలోపు అదే నమిలేసింది!"

అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. అడగకుండానే రెండో కప్పు కూడా పోయించుకున్నారు.

దీపాలు పెట్టేవేళకు లేచారు.

"రేపు ఫోన్ చేస్తాం బాబాయిగారూ. మా మాట మనసులో పెట్టుకోండి."

"అలాగేనమ్మా," అన్నాడు తల దించుకుని. అబద్ధం చెప్పడం ఇంకా అలవాటు కాలేదు.

వాళ్ళు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి, గేటుకు కట్టిన 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' బోర్డు విప్పి, వచ్చే నెలకి పనికొస్తుందని శుభ్రంగా తుడిచి మంచం కింద దాచుకున్నాడు.