సన్న గళ్ళ చీర

జనం ఉత్త కళ్ళతో చూడటం మానేసి చాలా ఏళ్ళైంది. నిద్ర లేస్తూనే అందరూ కెమెరా కళ్ళద్దాలు తగిలించుకుంటారు. ఆ అద్దాలకి అందనిది ఒక్కటే, ఆవగింజంత గళ్ళున్న బట్ట. గళ్ళకి బదులు రంగురంగుల అలలు పురుగుల్లా పాకుతూ కనిపిస్తాయి. చూసేవాళ్ళకి కడుపులో దేవుతుంది.

నీలవేణి పెళ్ళికి వాళ్ళమ్మ అలాంటి చీరే కట్టుకుంది. ఆడపడుచు ప్రవల్లిక మొహం చిట్లించి, "ఈవిడని వంటింట్లో కూర్చోబెట్టండి," అంది. కూతురి మెడలో తాళి పడుతుంటే ఆ తల్లి వంటింట్లో తమలపాకులు తుడుస్తూ ఉండిపోయింది.

ఇవాళ ప్రవల్లిక గృహప్రవేశం. పీటల మీద పుట్టింటి చీరే కట్టుకోవాలి. వదినగా నీలవేణే పెట్టింది, పైకి అంచు మాత్రమే కనిపించేలా మడతపెట్టి. మడత విప్పి చూసుకునేసరికి ముహూర్తం ముంచుకొచ్చింది. ప్రవల్లిక ఆ చీరే చుట్టుకొచ్చి కూర్చుంది.

పురోహితుడు మొహం పక్కకి తిప్పుకుని మంత్రాలు చదివాడు. చుట్టాలు ఒక్కొక్కరే లేచి భోజనాల వైపు జారుకున్నారు.

ప్రవల్లిక తన అద్దాలు తీసేసి నీలవేణి చెయ్యి పట్టుకుంది. "వదినా, ఒక్కసారి అద్దాలు తీసి చూడమని చెప్పు వీళ్ళకి. చీర బాగానే ఉంది."

నీలవేణి కూడా అద్దాలు తీసి చూసింది. నిజమే, ముచ్చటైన చీర. అచ్చం అమ్మ కట్టుకున్నదాని లాంటిదే.

"ఆ రోజు నేనూ నీకిదే చెప్పాను," అంటూ అద్దాలు మళ్ళీ పెట్టుకుంది. "వంటింట్లో పీట వేయించాను. వెళ్ళి కూర్చో."