జాంబియా రాయి

"ఆగక్కడ! ఆ సంచీలో ఏవిటి?"

విజయరత్నం కేకతో, ఆండ్రూ గారి ఆఫీసు తలుపు దాకా వెళ్లిన మనిషి తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. రాళ్లపని చేసే నర్సింలు. ఎప్పుడు దూరాడో! బల్ల మీద పీట ఖాళీగా ఉంది. విజయరత్నం ముఖం కడుక్కోవడానికి లేచే ముందు దాని మీద ఆండ్రూ గారి పచ్చరాయి ఉంది.

"ఏం లేదు సార్. పని సామాను."

"తియ్యి బయటికి!"

సుత్తి, ఉలి, వాటి కింద తువ్వాలులో చుట్టిన ఇటుకంత పచ్చరాయి. విజయరత్నానికి ఒళ్లు మండిపోయింది. ఆ రాయిని నమ్ముకునే కదా, భార్య లూర్దమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా వినకుండా, పొద్దున్నే కంపెనీలో రాజీనామా ఇచ్చి వచ్చాడు! పదకొండేళ్ల ఉద్యోగం. దాంతోపాటే ఇక్కడుండే ఖతార్ వీసా కూడా. పోతే పోయింది, జాంబియాలో ఆండ్రూ గారి గనికి స్టోర్ మేనేజర్ తనే. తొంభై ఏడులో అక్కడి గనులన్నీ అమ్మకానికి పెడితే ఒకటి ఆయన కొన్నాడట. ఎండతో కరెంటు తీసి నడిపే గనట. రేపటి కార్లన్నీ బ్యాటరీల మీదే నడుస్తాయట, వాటికి కావలసిన కోబాల్టు ఈ రాయిలోనే ఉందట. చర్చిలో శుక్రవారం ప్రార్థన అయ్యాక ఆండ్రూ గారు చెబుతుంటే ఎవరికి నోరూరదు? కాకపోతే రాయిని ఎవర్నీ ముట్టుకోనివ్వడు. చేతి చెమట తగిలితే గుణం పోతుందట.

జాంబియాకి టికెట్లు తెస్తానని ఆయన వెళ్లి మూడు గంటలైంది. "రాయి జాగ్రత్త, విజయరత్నం గారూ" అని మరీ చెప్పి వెళ్లాడు.

"ఎవరు పంపారు నిన్ను? వేరే కంపెనీవాళ్లా?"

"ఎవ్వరు పంపలే సార్. నేను దొంగను గాను. దొంగ అన్నరనే వచ్చిన."

"దొంగ అన్నారని దొంగతనానికొచ్చావా? ఉండు, పోలీసులకు ఫోన్ చేస్తాను."

నర్సింలు చేతులు జోడించాడు. "మీకు దండం పెడ్త సార్. గా రాయి ఒక్కసారి తిప్పి సూడుండ్రి. తర్వాత మీ ఇష్టం."

విజయరత్నం అనుమానంగానే తిప్పాడు. అడుగున ఉలితో కొట్టిన మూడు చుక్కలు, పక్కన ఒక గీత.

"ఏవిటిది?"

"నా గురుతు సార్. మా దిక్కు ఎవరు కొట్టిన రాయికి వాళ్లు గురుతు పెట్టుకుంటం, గోడల కనవడని దిక్కు. ఒక గోడకు కొట్టిన రాళ్లల్ల ఒకటి తక్కువొచ్చింది. నువ్వే అమ్ముకున్నవని మేస్త్రి నెల సంది తిడ్తుండు. నిన్న పని మీద ఈడికొస్తే కనవడ్డది. కొంచవోయి ఆ సందుల పెడ్తే దొంగ అన్న పేరు పోతదని..."

విజయరత్నం చేతిలో రాయి ఉన్నట్టుండి బరువెక్కింది.

"ఏ గోడ?"

"గీ ఊర్లనే, అల్ ఘర్రాఫాల సార్. గదే, మీ ఆండ్రూ సార్ ఇంటిది."