కంపెనీ స్క్రూలు

నా రిపేరు కొట్టుకి ఎదురుగా ఉన్న తమ్ముడి సర్వీస్ సెంటర్‌ని చూసి రోజూ కళ్లలో నిప్పులు పోసుకునేవాణ్ణి. నా దగ్గర పని నేర్చినవాడికి ఏసీ గది, మెడలో టై! మామూలు స్క్రూడ్రైవర్‌కి ఊడని కంపెనీ స్క్రూలు విప్పే పరికరమూ వాడికే ఇస్తారు, నాలాంటివాళ్లకు అమ్మరు.

"ఇది బాగుపడదు, కొత్తది కొనుక్కోండి" అని వాడు తిప్పి పంపిన మిక్సీతో ఒకావిడ నా కొట్టుకొచ్చింది. దాని స్క్రూ ఎప్పట్లాగే నా మామూలు స్క్రూడ్రైవర్‌కే ఊడొచ్చింది.

"చూశారా? వాడి గొప్పంతా ఆ టైలోనే. నా చేతికి లొంగని స్క్రూ లేదు" అన్నాను.

ఆవిడ నవ్వాపుకోలేకపోయింది.

"పాతవి బాగుచేస్తే కంపెనీవాళ్లు ఊరుకోరటండీ, కొత్తవే అమ్మాలట. అందుకే మీ తమ్ముడు కౌంటర్ వెనక కూర్చుని వాళ్ల స్క్రూలు తీసేసి మామూలువి బిగించాడు. 'అన్నయ్య దగ్గరికెళ్లండి, ఈ సంగతి మాత్రం చెప్పకండి, రోషం ఎక్కువ' అన్నాడు."