రెండు డిస్కుల డబ్బా

“జర జరుగుతవా కాకా, నేను మళ్ల సిరిసిల్ల బస్సు పట్టుకోవాలె.”

కౌంటరు ముందు స్టూలు మీద కూర్చున్న పెద్దమనిషి పక్కకు జరిగాడు.

వెంకటికి ఆ రోజు కాలు ఒకచోట నిలవడం లేదు. కరీంనగర్‌లో ఇది మూడో కంప్యూటర్ దుకాణం. మొదటివాడు ఒకటి చెప్పాడు, రెండోవాడు దానికి అడ్డంగా ఇంకొకటి చెప్పాడు. ఇంట్లో లాప్‌టాప్ చూస్తే వారం నుంచి టిక్కు టిక్కుమంటూ ఇవాళో రేపో అన్నట్టుంది.

అందులో ఉన్నది బాపు గొంతు.

రెండు నెలల కింద తండ్రి రాయమల్లుకు గొంతు ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, మాట పోయింది. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. నలభై ఏళ్లు ఆ సాంచాల చప్పుడును మించి పాడిన మనిషి, ఇప్పుడు మంచినీళ్లు కావాలన్నా మనవరాలి పలక మీద రాయాల్సిందే. పాడమంటే సిగ్గుపడేవాడు గనుక, వెంకటి ఎప్పుడో చాటుగా ఫోనులో పట్టుకున్న పాటలే మిగిలాయి.

అవి ఎన్నటికీ పోకుండా, ఇంట్లో ఎవరి ఫోనులో వాళ్లు వినేలా, వైఫైకి తగిలించే డబ్బా ఉంటుందని ఎవరో చెబితే ఉరికొచ్చాడు.

“ఒక డిస్కుదా, రెండు డిస్కులదా అన్నా?” దుకాణం నడిపే ప్రణయ్ అడిగాడు.

“ఫరక్ ఏంది?”

“రెండుంటే ఒకటి ఖరాబైనా ఇంకోదాంట్ల అంతా అట్లనే ఉంటది.”

“గదే ఇయ్యి.”

“ఒక్కటే పీసు ఉన్నదన్నా. అది కూడా...” అంటూ ప్రణయ్ స్టూలు వైపు చూశాడు.

“ఇచ్చెయ్ ప్రణయ్. నాదేం తొందర లేదు,” అన్నాడు పెద్దమనిషి.

‘అబ్బో, ఒక్కటే పీసంట. ఇద్దరూ కలిసి బేరం ఎక్కిస్తున్నరు,’ అనుకున్నాడు వెంకటి. ఆత్రగాడికి బుద్ధి మట్టమని ఊరికే అనలేదు.

పెద్దమనిషి అతని జుట్టులో చిక్కుకున్న నూలు పొట్టు చూశాడు.

“సాంచాలు ఇంట్లనే ఉన్నయా బిడ్డా?”

“ఉన్నయి. అయితే?”

“డబ్బ వాటి దగ్గర పెట్టకు. లోపల డిస్కు గిర్రున తిరుగుతుంటది, అదురుకు ఆగది. డిస్కులు రెండైనా డబ్బ ఒకటే గద. ఇంకో కాపీ వేరే ఇంట్ల పెట్టుకో. తిరగని డిస్కులు గూడ ఉంటయి, జర పిరం గానీ...”

పిరమంటూ ధర మాట ఎత్తగానే వెంకటికి చిర్రెత్తింది.

“నీ కమీషన్ ఎంత కాకా?”

ప్రణయ్ ఏదో అనబోతే పెద్దమనిషే చేత్తో ఆపాడు.

“సిరిసిల్లల ఎవల కొడుకువు బిడ్డా?”

కొత్తవాళ్లు కనబడితే ఆ దిక్కున ముందుగా అడిగేది అదే. ఎంత కోపంలో ఉన్నా చెబుతారు. వెంకటి చెప్పలేదు.

“నేనెవల కొడుకునైతే నీకెందుకు? నీ పని నువ్వు చూస్కో.”

పెద్దమనిషి మొహం చిన్నబోయింది. వెంకటి అది చూశాడు. చూసి కూడా డబ్బా చంకన పెట్టుకొని బస్టాండుకు ఉరికాడు.

ఇంట్లో వైఫై ఉన్నది సాంచాల షెడ్డులోనే. వైరు చాలక డబ్బాను కూడా అక్కడే గోడచెక్క మీద పెట్టాడు. పాటలన్నీ ఎక్కించాడు. లాప్‌టాప్‌ను పాతసామాన్లవాడికి ఇచ్చేశాడు. ఫోను నిండిపోయిందని అందులోవీ తుడిచేశాడు. రెండు డిస్కులున్నాక ఇంకేం ఫికర్?

చీరల ఆర్డరు వచ్చింది. సాంచాలు ఆగకుండా ఆడాయి. గోడ అదిరింది, చెక్క అదిరింది.

నలభై రోజులకు డబ్బా మీద ఎర్రలైటు వెలిగింది. ఒక డిస్కు పోయింది. కొత్తది తెచ్చేలోపు, గోరుచుట్టు మీద రోకటిపోటులా, రెండోదీ పోయింది. హైదరాబాద్‌లో విప్పి చూసినవాళ్లు ఏమీ రాదని చేతులెత్తేశారు.

వెంకటి బాపు మంచం పక్కన కూర్చొని వెక్కివెక్కి ఏడ్చాడు.

“నీ గొంతు నేనే పోగొట్టిన బాపూ.”

రాయమల్లు కొడుకు తల నిమిరాడు. పలక అందుకున్నాడు.

‘ఏడ్వకు. నువ్వు పుట్టకముందు ఒక సారు వాడవాడ తిరిగి నేతోళ్ల పాటలు టేపుల పట్టిండు. నావి పదమూడు పట్టిండు. లక్ష్మీరాజం సారు. కరీంనగర్.’

వెంకటికి పోయిన ప్రాణం లేచొచ్చింది. తెల్లారి మొదటి బస్సుకే కరీంనగర్‌లో దిగి, కనిపించినవాళ్లందరినీ అడిగి, పది గంటలకల్లా ఆ ఇల్లు పట్టుకున్నాడు.

సారు కూతురు మమతారాణి తలుపు తీసింది. విషయం విని కుర్చీ వేసింది.

“బాపు పోయి ఇరవై దినాలైంది అన్నా.”

వెంకటి కుర్చీలో కూలబడ్డాడు.

“టేపులున్నయా అక్కా?”

“ఉన్నయి. ఏం ఫాయిదా? అన్నీ బూజు పట్టినయి. నడిపేది బాపుకే తెలుసు. మేము పెడితే పుటుక్కున తెగుతున్నయి. మీ సిరిసిల్లయి ఒక్కటి గూడ దక్కలే.”

“సారు ఉన్నప్పుడే కంప్యూటర్ల ఎక్కియ్యాల్సింది గద,” అన్నాడు వెంకటి.

“గందుకే తండ్లాడిండు. పాతకాలం కంప్యూటర్ల జాగ లేదని, అన్నీ ఒక్కకాడ దాచే డబ్బ తెస్తనని రెండు నెలల కింద బజారుకు పోయిండు. ఒట్టి చేతులతో వచ్చిండు. కొత్త పీసు వచ్చేటాలకు మంచాన పడ్డడు.”

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“ఎందుకు తేలేదు బాపూ అంటే, ‘ఎవలో సిరిసిల్ల పిలగాడు బిడ్డా, ఏదో పోగొట్టుకుంటనన్న భయం వాని మొహంల కనబడ్డది, నాకంటే వానికే తొందరున్నదని ఇచ్చి వచ్చిన’ అన్నడు.”